మా అరుగు మీది కబుర్లు: సాలు వెనక నడిచే మనిషి

కిందటి నెల మన సమాజం కార్యవర్గ సమావేశం పాయా లేబర్‌లో మా ఇంట్లో జరిగింది. పద్దులు చూసుకోవడం, ఉగాదికి హాలు మాట్లాడుకోవడం, పిల్లల నాటకానికి గడ్డాలూ మీసాలూ ఎవరు తేవాలన్న జటిల సమస్య తేల్చుకోవడం అయ్యాక, ఉప్మా ప్లేట్ల దగ్గర ఒక మిత్రులు మమ్మల్ని కిటికీ పక్కకు పిలిచారు. "మా తమ్ముడు విత్తనం వేసే యంత్రం కావాలంటున్నాడండీ. కొత్తది కాదు, ఎవరో వాడినది తక్కువలో వస్తోందట. డబ్బు పంపమంటున్నాడు. మీరు ఇదివరకు మీ అన్నగారికి ఒకటి కొనిచ్చారు గదా, ఎలా పని చేసింది?" అని అడిగారు.

సరిగ్గా అప్పుడే ఇంటి మీదుగా విమానం ఒకటి పోయింది. పాయా లేబర్ వాసులకు ఇదొక సౌకర్యం. జవాబు చెప్పడం ఇష్టం లేని ప్రశ్న వస్తే, విమానం పోయేదాకా చెవి మీద చెయ్యి పెట్టుకొని నిలబడవచ్చు. ఆ విమానం పోయాక గూడా మేము "పర్వాలేదండీ" అని నీళ్ళు నమిలాము. ఇంటికి వచ్చినవారికి ఉప్మా పెట్టి, దాంతోపాటు అబద్ధం గూడా పెట్టి పంపడం మర్యాద కాదు. ఆనాడు మింగిన మాట ఈ నెల ఇక్కడ చెప్పేస్తున్నాము.

మాది ఒకప్పుడు కర్నూలు జిల్లాలో వుండి, 2022 నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చిన కోయిలకుంట్ల ప్రాంతం. నల్లరేగడి నేల. తడిస్తే కాలు దిగబడుతుంది, ఎండితే కాలు ఇరుక్కునేటంత నెర్రెలు విచ్చుతుంది. మా చిన్నతనంలో పచ్చజొన్న, కొర్ర ఎక్కువగా వేసేవారు. వాటిని విత్తేది గొర్రుతో.

సింగపూరులో పుట్టిన పిల్లలకు గొర్రు అంటే ఏమిటో చెప్పాలి. ఒక అడ్డదూలం. దాని కింద మూడో నాలుగో కొయ్య పళ్ళు, వాటి కొనలకు ఇనుము. ప్రతి పన్ను వెనకా ఒక వెదురు గొట్టం. ఆ గొట్టాలన్నీ పైకి పోయి, ఒక కొయ్య గిన్నె అడుగున వున్న బెజ్జాల్లో కూర్చుంటాయి. ఆ గిన్నె పేరు జడ్డిగం. ఎద్దులు లాగుతూ వుంటే పళ్ళు సాళ్ళు చీలుస్తాయి. వెంట నడిచే మనిషి గుప్పిట్లోంచి గింజలు జడ్డిగంలోకి జారవిడిస్తే, అవి గొట్టాల వెంట దిగి సాళ్ళలో పడతాయి. వెనకాలే గుంటక తోలి మట్టి కప్పుతారు. సాలుకూ సాలుకూ మూరెడు ఎడం. గింజ రెండంగుళాల లోతున, తడి వున్నచోట పడాలి. అంతే యంత్రం. చెడిపోతే వడ్రంగి వూళ్ళోనే వుంటాడు.

ఇది మొరటు పనిముట్టని మనం చదువుకున్నవాళ్ళం అనుకుంటాము గాని, చూసినవాళ్ళు అలా అనుకోలేదు. ఇంగ్లండులో జెత్రో టల్ అనే ఆయన 1701లో విత్తే యంత్రం చేశాడని మన బడి పుస్తకాల్లో చదివాము. 1795 ప్రాంతంలో దక్షిణ భారతంలో వున్న కాప్టెన్ థామస్ హాల్కాట్ అనే ఆంగ్లేయ సైనికాధికారి గూడా సాళ్ళలో విత్తే యంత్రం ఐరోపావారి కొత్త కల్పన అనే అనుకొనేవాడు. ఒకనాడు గుర్రం మీద పొలం పక్కగా పోతూ అలాంటిదే పని చేస్తూ వుండటం చూసి ఆశ్చర్యపోయి విచారిస్తే, ఇక్కడివారు తరతరాలుగా వాడుతున్నదేనని తెలిసింది. ఆ సంగతి అతడు తన దేశపు వ్యవసాయ మండలికి రాసి పంపాడు. ఆ ఉత్తరాన్ని ధరంపాల్ గారు 1971లో తెచ్చిన పద్ధెనిమిదో శతాబ్దపు భారతీయ శాస్త్ర సాంకేతికాల పుస్తకంలో చేర్చారు.

హాల్కాట్ యంత్రాన్ని చూశాడు. మేము చెప్పబోయేది దాని వెనక నడిచిన మనిషిని గురించి.

మా వూళ్ళో జడ్డిగంలో గింజలు వదిలేది ఎక్కువగా ఆడవాళ్ళే. మా పొలానికి వచ్చే ఆమెను మేము చిన్నమ్మ అని పిలిచేవాళ్ళం. చుట్టరికం లేదు, వరస మాత్రం వుంది. ఒడిలో జొన్నలు పోసుకొని, ఎద్దుల నడకకు తన నడక కలిపి, పిడికిట్లోంచి బొటనవేలి పక్కగా గింజలు వదిలేది. ఎద్దులు జోరు పెంచితే ఆమె చెయ్యీ జోరు పెంచేది. గింజలు వెదురులో దిగేటప్పుడు సన్నగా గలగలమంటాయి. నేల కాస్త పచ్చిగా వున్నచోట, లేదా మడక తిప్పేటప్పుడు, గొట్టం మూతిలో మట్టి దూరుతుంది. అప్పుడు ఆ గొట్టం మూగబోతుంది. మాకు ఏమీ తెలిసేది కాదు. ఆమె మాత్రం మరో అడుగు పడకముందే "ఆపబ్బీ!" అనేది. కొప్పులో దోపుకున్న పుల్ల తీసి, గొట్టం మూతిలో పొడిచి, "ఊ, పో" అనేది.

ఇక యంత్రం సంగతి. మా అన్న యంత్రం అడిగినప్పుడు ఆయన చెప్పిన కారణాలన్నీ సబబైనవే. రేగడిలో వాన పడిన వెంటనే దిగలేము. ఆరిపోయాక దిగితే గింజ మొలవదు. ఈ రెంటి నడుమ వుండే రెండు మూడు రోజులనే పదును అంటారు. ఆ మూడు రోజుల్లోనే వూరంతా విత్తాలి. ఎద్దులున్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టే స్థితి వచ్చింది. కూలికి మనుషులు దొరకరు. చాలా పొలాలు జొన్న మాని శనగకు తిరిగాయి. "మన ఎద్దులు రెండు దినాల్లో రెండు చేలు గూడా ముగించలేవు అబ్బీ. పదును మన కోసరం ఆగుతాదా?" అన్నాడు అన్న. ఆ మాటకు ఎదురు చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు.

మేము చేసిందల్లా ఏమిటంటే, ఇక్కడ కూర్చొని కాగితం మీద లెక్కలు వేయడం. ఎకరానికి ఎన్ని గంటలు, ఎన్ని కూలీలు మిగులు, ఎన్నేళ్ళకు సొమ్ము తిరిగొస్తుంది. లెక్క బ్రహ్మాండంగా కుదిరింది. దగ్గరి టౌనులో తొమ్మిది గొట్టాల పాత ట్రాక్టరు గొర్రు ఒకటి దొరికింది. డబ్బు పంపాము. "ఇక మనుషులతో పని లేదన్నా" అని ఫోనులో అన్నది మేమే. ఆ మాట మాకు బాగా జ్ఞాపకం.

ఉత్తర కార్తెలో జొన్న విత్తారు. తొమ్మిది ఎకరాలు ఒక్క రోజులో అయిపోయిందని అన్న చెప్పాడు. మేము ఆ సాయంత్రం గీలాంగ్ సెరాయ్ మార్కెట్టుకు పోయి పండ్లు కొనుక్కొచ్చి పిల్లలకు పంచాము.

ఆ ఏడు దసరాకు వూరు వెళ్ళాము. తెల్లవారి చేను చూద్దామని పోతే, జానెడెత్తు పైరు లేచి వుంది. గట్టు ఎక్కి చూసేసరికి మాకు మాట రాలేదు. ఎనిమిది సాళ్ళు పచ్చగా, ఒక సాలు నల్లగా. మళ్ళీ ఎనిమిది పచ్చగా, ఒకటి నల్లగా. పన్ను విరిగిన దువ్వెనతో దువ్వినట్టు చేను ఆ మూల నుంచి ఈ మూలకు అలాగే వుంది. తొమ్మిది గొట్టాల్లో ఒకటి మొదటి రోజే మూసుకుపోయింది. డ్రైవరు ముందుకు చూస్తాడు, పెట్టె వెనక వుంటుంది, ట్రాక్టరు మోతలో ఏ గొట్టం మూగబోయిందో ఎవరికి వినపడుతుంది? తొమ్మిది సాళ్ళకు ఒకటి అంటే, తొమ్మిది ఎకరాల్లో ఒక ఎకరం విత్తనట్టే. తెలిసేసరికి పదును పోయింది. ఆ ఖాళీల్లో మళ్ళీ వేయడానికి వీలు లేకపోయింది.

"ఫోనులో చెప్పలేదేం అన్నా?" అని అడిగాము. "నువ్వు కొనిచ్చింది గదా అబ్బీ. మనసు నొచ్చుకుంటావని" అన్నాడు.

ఆ సాయంత్రం చిన్నమ్మ ఇంటికి పోయాము. పెద్దదైపోయింది, అయినా నడక తగ్గలేదు. ఆమె మమ్మల్ని ఏమీ తప్పు పట్టలేదు. "మిషను వచ్చిందన్నారు, నేనెందుకులే అని రాలేదు నాయనా. పిలిచింటే వెనకాల వూరికే నడిచేదాన్ని గదా" అంది. మనుషులతో పని లేదన్న మా మాట ఆమె దాకా పోయిందో లేదో అడిగే ధైర్యం మాకు లేకపోయింది.

దీని తరువాతి ఏడు మేము ఆస్ట్రేలియా పడమటి తీరంలోని పెర్త్‌కు ఆఫీసు పని మీద పోవలసి వచ్చింది. అక్కడున్న తెలుగు మిత్రులొకరు ఆదివారం కారెక్కించుకొని తూర్పుగా, నార్తమ్ దాటి మెరిడిన్ వైపు తీసుకుపోయారు. అంతా గోధుమ పండే నేల. మే నెల, వారికి విత్తే కాలం. సింగపూరు తన తిండిలో నూటికి తొంభై పాళ్ళకు పైగా బయటి నుంచి తెచ్చుకుంటుంది. ఈ పాయా లేబర్ పేరులోనే పాయా అంటే మలయ్‌లో చిత్తడి నేల, లేబర్ అంటే వెడల్పు. ఆ చిత్తడి మీద 1955లో విమానాశ్రయం తెరిచారు, 1981లో అది చాంగీకి పోయాక వైమానిక దళం మిగిలింది. చపాతీల పిండి తెచ్చుకోవడం తప్ప గింజ ఎలా భూమిలోకి పోతుందో చూసే యోగం మా పిల్లలకు ఇక్కడ లేదు. అందుకని ఆ వూళ్ళో కారు దిగి ఒక రైతును పలకరించాము.

ఆయన దగ్గర వున్నది ఎయిర్ సీడర్, అదీ పాతది, తండ్రి కొన్నది. ఈ యంత్రాన్ని 1956లో క్వీన్స్‌లాండ్ రైతు ఆల్బర్ట్ ఫస్ రూపొందించాడని చెబుతారు. మన గొర్రుకు గాలి తోడైతే అదే ఎయిర్ సీడర్. పెద్ద తొట్టిలో గింజలు వుంటాయి. అడుగున తిరిగే పళ్ళ చక్రం కొలత ప్రకారం గింజలను వదులుతుంది. ఆ చక్రాన్ని తిప్పేది నేల మీద దొర్లే చక్రమే, కాబట్టి బండి ఆగితే గింజా ఆగుతుంది. ఫ్యాను వూదే గాలి ఆ గింజలను పెద్ద గొట్టంలో తోసుకుపోయి, నిలువుగా పైకెక్కించి, పుట్టగొడుగులాంటి తల దగ్గర పది పదిహేను చిన్న గొట్టాల్లోకి పంచుతుంది. జడ్డిగాన్ని తలకిందులు చేసి కింద నుంచి వూదినట్టు! మనిషికి వందల ఎకరాలు, మనుషులేమో లేరు. అందుకని అంత వెడల్పు యంత్రం, అందుకని గాలి.

పాతదానితో ఇబ్బందులేమిటని అడిగాము. ఆయన టోపీ వెనక్కి నెట్టి, సొంత బిడ్డ అల్లరి చెప్పినట్టు మురిపెంగా చెప్పాడు. ఫ్యాను జోరు తక్కువైతే గొట్టాలు మూసుకుపోతాయి. ఎక్కువైతే గింజలు పగులుతాయి, లేదా సాల్లో పడి ఎగిరి బయటికి దూకుతాయి. పొద్దున మంచు పడితే ఎరువు తడిసి గోడలకు అంటుకుంటుంది. యంత్రం ఒరిగితే పైనున్న తల గూడా ఒరుగుతుంది, అప్పుడు ఒక పక్క గొట్టాలకు ఎక్కువ, రెండో పక్కకు తక్కువ. ఏడాదిలో పది నెలలు షెడ్డులో వుంటుంది గనక ఎలుకలు గొట్టాల్లో కాపురం పెడతాయి. కొత్త యంత్రాలకు గొట్టం మూసుకుపోతే కూతపెట్టే పరికరాలున్నాయి, దీనికి లేవు.

"మరి ఎలా తెలుస్తుంది?" అన్నాము. ఆయన నవ్వి చేలోకి చూపించాడు. దూరంగా యంత్రం వెనక, దుమ్ములో, ఆయన భార్య కర్ర పట్టుకొని నడుస్తోంది. మొదటి రెండు చుట్లు ఎవరో ఒకరు వెనక నడవనిదే తాను జోరు పెంచనని చెప్పాడు. ఆమె అప్పుడప్పుడూ ఆగి, జేబుకత్తితో సాలు తవ్వి, గింజ ఎంత లోతున పడిందో చూస్తోంది. గొట్టం మీద కర్రతో తడుతోంది.

ఆ కర్రను చూసి మాకు చిన్నమ్మ కొప్పులో పుల్ల గుర్తొచ్చింది. తిరుగుదారిలో కారులో మాటలు సాగలేదు. మా మిత్రులు మాకు ఎండ తగిలిందనుకున్నారు.

ఇలాంటి పొరపాటు మా ఒక్కరిదే కాదని తరువాత చదివి తెలుసుకున్నాము. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో 1972లో వెలసిన ఇక్రిశాట్ సంస్థ, ఆ దశాబ్దంలో నల్లరేగడి సేద్యం కోసం చక్రాలున్న ఎద్దుల యంత్రం మీద ఎంతో శ్రమ పడింది. ట్రాపికల్టర్ అనే ఆ ఒక్క బండికి మడక, గొర్రు, గుంటక అన్నీ తగిలించవచ్చు, సరుకూ తోలవచ్చు. ప్రయోగక్షేత్రంలో చక్కగా పని చేసింది. రైతుల ఇళ్ళకు మాత్రం చేరలేదు. దాని ఖరీదుకు ఎద్దులూ, బండీ, గొర్రూ విడివిడిగా కొనుక్కోవచ్చు. ఒకటి చెడితే అన్ని పనులూ ఆగుతాయి. పాల్ స్టార్కీ అనే ఆయన పలు దేశాల్లో ఇలాంటి యంత్రాల చరిత్రంతా వెతికి 1988లో పుస్తకం వేశారు. దాదాపు 10,000 దాకా తయారైతే చాలామటుకు మూలన పడ్డాయి, లేదా వుత్త బండ్లుగా మిగిలాయి. సర్వాంగసుందరంగా తీర్చారు, అయినా రైతు వద్దన్నాడు అన్న అర్థం వచ్చేలా ఆ పుస్తకానికి పేరు పెట్టారు. అంతమంది పండితులకే రైతును ముందుగా అడగాలని ఆలస్యంగా తోస్తే, నెలకొకసారి ఫోను చేసే మాబోటివారి సంగతి చెప్పాలా?

కాబట్టి కిటికీ పక్కన అడిగిన మిత్రులకు మా జవాబు ఇది. డబ్బు పంపండి. తమ్ముడికి యంత్రం అవసరమే, పదును ఆగదు. కాని పాత యంత్రం కొనే ముందు ఒక పూట దాన్ని విత్తించి చూడమనండి. గొట్టాలన్నింటి మూతులకూ తలా ఒక సంచీ కట్టి, వంద అడుగుల దూరం లాగించి, ఏ సంచీలో ఎంత గింజ పడిందో విడివిడిగా తూచమనండి. తొమ్మిదీ సుమారు ఒకే తూకం వుండాలి. సంచుల్లో పగిలిన గింజలు ఎన్నున్నాయో చూడమనండి. గొలుసు, పళ్ళ చక్రాలు అరిగాయేమో, విడిభాగాలు ఆ టౌనులోనే దొరుకుతాయో లేదో కనుక్కోమనండి. సీజను అయిపోగానే ఎరువు పెట్టె కడిగి ఆరబెట్టాలి, లేకపోతే తుప్పు తినేస్తుంది. షెడ్డులో పెట్టే ముందు గొట్టాల మూతులకు గుడ్డలు కుక్కాలి. ఎలుకలకు ఆస్ట్రేలియా అనీ ఆంధ్ర అనీ భేదం లేదు.

అన్నింటికంటే ముఖ్యంగా, యంత్రం ఖరీదుతో పాటు, వెనక నడిచే మనిషి కూలి గూడా కలిపి పంపండి. మా లెక్కలో మేము వదిలేసిన అంకె అదొక్కటే. మిగతా లెక్కంతా సరిగానే వుంది.

మా తొమ్మిది గొట్టాల గొర్రు ఇప్పటికీ వుంది. మా అన్న దాన్ని అమ్మలేదు. ఆ మరుసటి విత్తుకు ఆయనే పోయి చిన్నమ్మను పిలుచుకొచ్చాడు. మొదటి చుట్టు ట్రాక్టరును నడక జోరున తోలించాడు. ఆమె వెనకాల నడిచి, ప్లాస్టిక్ గొట్టాలను ఒక్కొక్కటే కర్రతో తట్టి చూసింది. ప్లాస్టిక్‌లో గింజ సవ్వడి వెదురులో వచ్చినట్టు రాదట. "చెయ్యి పెట్టి చూస్తే మాత్రం తెలుస్తాది" అందట. నాలుగో గొట్టం దగ్గర చెయ్యెత్తింది. ఈసారి డ్రైవరు వెనక్కి చూస్తున్నాడు. ఆపాడు.

ఇప్పుడు ఆమె మనవరాలు గూడా వెంట నడుస్తోందని అన్న చెప్పాడు. మొన్న ఆయన మళ్ళీ ఫోను చేసి, గొట్టం మూసుకుపోతే లైటు వెలిగే యంత్రాలు వచ్చాయట, ఏమంటావు అబ్బీ అని అడిగాడు. మేము ఈసారి కాగితం తీయలేదు. "నువ్వేమంటావు అన్నా? చిన్నమ్మ ఏమంటుంది?" అని అడిగాము. అవతల కాసేపు నిశ్శబ్దం. "అడిగి చెప్తాలే" అన్నాడు. ఇంకా చెప్పలేదు. ఎదురు చూస్తున్నాము.

పోతే, చదువరులకు ఒక మనవి. గొర్రు భాగాలకు మా వైపు మేము వాడిన మాటలు పైన రాశాము. మీ గుంటూరులో, మీ పాలమూరులో, మీ విజయనగరంలో వేరే మాటలు వుండి వుంటాయి. అమ్మనో నాన్ననో అడిగి, తెలిసినవి ఒక కార్డు మీద రాసి వచ్చే సమావేశానికి తెస్తే ఈ పేజీలో అచ్చు వేస్తాము. ఫోనులో మాట్లాడటానికి ఏమీ తోచడం లేదని వాపోయే పిల్లలకు గూడా, తాతగారిని అడగడానికి ఇదొక మంచి ప్రశ్న.